కరువు లెక్క కట్టేవారిలో కరువు సీమవారేరీ?

మృగశిర కార్తెలో అనంతపురం మెట్ట మీద నాలుగు చినుకులు రాలితే రైతు ముందుగా చేలోకి వెళ్ళి మట్టి పెళ్ళగించి చూస్తాడు. తడి ఎంత లోతుకు దిగింది, గొర్రు కట్టడానికి పదును అయిందా లేదా అని పిడికిట్లో మట్టి పట్టి తేల్చుకుంటాడు. అదే వాన మండల కేంద్రంలోని వానమాపకంలో కొన్ని మిల్లీమీటర్లుగా నమోదవుతుంది. ఏళ్ళ తరబడి పోగైన అలాంటి అంకెలన్నీ ఎక్కడో మహానగరంలో ఒక బీమా కార్యాలయానికి చేరతాయి. ఈ నేల మీద వేరుశనగ పోయే అవకాశం నూటికి ఎంత, దానికి ప్రీమియం ఎంత ఉండాలి అని ఆ అంకెలు ముందు పెట్టుకుని అక్కడ ఒకరు లెక్క కడతారు. ఆ మనిషిని యాక్చువరీ అంటారు. తెలుగులో చెప్పాలంటే బీమా లెక్కల నిపుణుడు.

రైతూ యాక్చువరీ చూసేది ఒకే వానను. కానీ వాళ్ళిద్దరూ ఎదురుపడి మాట్లాడుకునే సందర్భం ఎప్పుడూ రాదు. రైతు కుటుంబంలో పుట్టి యాక్చువరీ అయిన మనిషి ఈ సీమలో మనకు తారసపడడం బహు అరుదు. ప్రపంచమంతటా యాక్చువరీ వృత్తిలో ఇప్పుడు మూడు మాటలు గట్టిగా వినిపిస్తున్నాయి: వైవిధ్యం, సమత, చేరిక. అన్ని రకాల మనుషులూ ఆ వృత్తిలో ఉండాలి, అందరికీ న్యాయమైన అవకాశం దక్కాలి, వచ్చినవాళ్ళ మాటకు విలువ ఉండాలి అని వాటి సారం. ఈ చర్చ సాధారణంగా ఉద్యోగ నియామకాల దగ్గర ఆగిపోతుంది. అనంతపురం నుంచి చూస్తే దీనికి ఇంకా లోతు ఉంది. వృత్తిలోకి ఎవరు రాగలుగుతున్నారు, లెక్కలోకి ఎవరి బతుకు వస్తోంది, పాలసీలోకి ఎవరి పేరు వస్తోంది అనే మూడు ప్రశ్నలూ ఒకే గొలుసులోని లంకెలు. మొదటి లంకె తెగిన చోట మిగతా రెండూ నిలవడం కష్టం. ఈ వ్యాసంలో ఆ మూడింటినీ వరుసగా పరిశీలిస్తాను.

వృత్తి పుట్టుకలోనే ఉన్న గీతలు

యాక్చువరీ వృత్తి కరుణతో పుట్టింది. 1744లో స్కాట్లండులో ఇద్దరు మతబోధకులు, అలెగ్జాండర్ వెబ్‌స్టర్, రాబర్ట్ వాలెస్, చనిపోయిన తోటి బోధకుల భార్యాబిడ్డల కోసం నిధి ఏర్పాటు చేస్తూ ఏటా ఎందరు చనిపోతారో, ఎందరు వితంతువులు మిగులుతారో లెక్క కట్టారు. 1762లో లండన్‌లో మొదలైన ఈక్విటబుల్ సంస్థ ఈ పనికి యాక్చువరీ అనే పేరు పెట్టింది. దిక్కులేనివాళ్ళకు దిక్కు చూపాలన్నది ఆ లెక్కకు మూలం.

మన దేశానికి వచ్చేసరికి ఆ లెక్కలో గీతలు పడ్డాయి. 1818లో కలకత్తాలో వెలసిన ఓరియంటల్ జీవిత బీమా కంపెనీ ఐరోపావాసుల కోసం పుట్టింది. తర్వాత విదేశీ కంపెనీలు భారతీయులకు పాలసీలు ఇచ్చినా, మన ప్రాణాలను నాసిరకంగా లెక్కగట్టి అదనపు ప్రీమియం వసూలు చేశాయి. భారతీయులకూ మామూలు రేటుకే బీమా ఇస్తామని ముందుకొచ్చిన మొదటి దేశీయ సంస్థ బాంబే మ్యూచువల్, 1870లో. 1912 నాటి చట్టం ప్రీమియం పట్టికలను, ఆస్తి అప్పుల మదింపును యాక్చువరీ ధ్రువీకరించి తీరాలంది. అయితే విదేశీ కంపెనీలకు ఒక న్యాయం, దేశీయ కంపెనీలకు ఒక న్యాయం ఆ చట్టంలోనే ఉంది. బీమా స్వదేశీ ఉద్యమంలో భాగం కావడానికి ఇదొక కారణం. 1925లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని నెలకొల్పింది ఆ వాతావరణంలోనే. మన ప్రాణం విలువను మనమే లెక్క కట్టుకోవాలన్న పట్టుదల తెలుగువాళ్ళకు కొత్త కాదు.

ఆడవాళ్ళకు ఈ వృత్తి తలుపులు ఆలస్యంగా తెరుచుకున్నాయి. బ్రిటన్ యాక్చువరీల సంస్థలో ఫెలోగా అర్హత పొందిన మొదటి మహిళ డొరొతీ డేవిస్. అది 1923. అమెరికాలో మొదటి నల్లజాతి ఫెలో రాబర్ట్ రాండల్‌కు ఆ అర్హత 1952లో గానీ దక్కలేదు. నల్లజాతి యాక్చువరీలు ఒకరికొకరు తోడుగా అంతర్జాతీయ సంఘం పెట్టుకోవడానికి 1992 దాకా పట్టింది. మన దేశంలో 1944లో బొంబాయిలో యాక్చువేరియల్ సొసైటీ ఏర్పడింది. 2006 యాక్చువరీల చట్టంతో అది ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియాగా మారింది. 2000 నుంచి ప్రతి బీమా కంపెనీకీ ఒక నియమిత యాక్చువరీ ఉండాలన్న నిబంధన అమల్లో ఉంది. ప్రీమియం రేట్ల మీద ఆయన సంతకమో ఆమె సంతకమో పడాలి. నూట నలభై కోట్ల జనాభా ఉన్న దేశంలో పూర్తి అర్హత పొందిన ఫెలోల సంఖ్య మాత్రం ఇంకా వందల్లోనే ఉంది.

అనంతపురం నుంచి ఆ కుర్చీ ఎంత దూరం

అర్హత అంటే ముందు ఒక ప్రవేశ పరీక్ష. ఆ తర్వాత గణితం, సంభావ్యత, ఆర్థికశాస్త్రం, జీవిత సంభవాలు, నష్ట నమూనాల మీద దశలవారీగా పదికి పైగా పరీక్షలు. ఏ పేపరూ ఒక్క ప్రయత్నంలో దక్కుతుందన్న భరోసా లేదు. ఏళ్ళకేళ్ళు చదవాలి, ప్రతి పేపరుకూ రుసుము కట్టాలి, పుస్తకాలూ శిక్షణా కొనుక్కోవాలి. మధ్యలో బీమా కంపెనీలోనో సలహా సంస్థలోనో పని దొరికితేనే ఆ ఖర్చుకు ఊపిరి ఆడుతుంది. ఆ ఉద్యోగాలు చాలావరకు ముంబై, ఢిల్లీ, గుర్‌గావ్, బెంగళూరుల్లోనే ఉన్నాయి. పరీక్ష భాష ఇంగ్లీషు. అది కూడా లెక్క చేసి వదిలేస్తే చాలని కాక, చేసిన లెక్కను సాధారణ పాఠకుడికి అర్థమయ్యేలా రాసి చూపించాల్సిన పేపరుతో సహా.

కదిరి దగ్గర పల్లెలో తెలుగు మాధ్యమంలో పది దాకా చదివి, డిగ్రీలో గణితం, గణాంకశాస్త్రం తీసుకున్న అమ్మాయిని తలచుకోండి. లెక్కల్లో ఆమె ఎవరికీ తీసిపోదు. ఈ సీమలో గణితానికి కరువెప్పుడూ లేదు. గణాంకశాస్త్రంలో ప్రపంచానికే పెద్దదిక్కైన సి.ఆర్.రావు 1920లో పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, బళ్ళారి ప్రాంతపు హడగలిలో. ఒకప్పుడు మనతో కలిసి దత్తమండలంగా ఉన్న నేల అది. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్ళి ఆ శాస్త్రం దిశనే మార్చారు. 1916 నుంచి నడుస్తున్న ఆర్ట్స్ కళాశాల, 1981లో వచ్చిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, కేంద్రీయ విశ్వవిద్యాలయం అన్నీ అనంతపురంలోనే ఉన్నాయి.

మరి ఆ అమ్మాయికి ఏది కొరవడింది? యాక్చువరీ అనే ఉద్యోగం ఉందని చెప్పే మనిషి. ఇంజనీరు, టీచరు, కానిస్టేబుల్, బ్యాంకు గుమాస్తా కళ్ళెదుట కనిపిస్తారు కాబట్టి పిల్లలు వాటికి తయారవుతారు. యాక్చువరీ కనిపించడు. తెలిసినా, మొదటి జీతం చేతికి రాకముందే ఏళ్ళ తరబడి రుసుములు కట్టడం వానమీద ఆధారపడ్డ ఇంటికి సాధ్యం కాదు. పంట పోయిన ఏడాది పిల్ల చదువు మీద పెట్టే డబ్బే ముందు ఆగిపోతుంది. బీమా తీర్చాల్సిన కష్టమే బీమా లెక్క నేర్చుకునే దారిని మూసేస్తోంది. దళిత కుటుంబానికి, కౌలు చేసుకు బతికే కుటుంబానికి, ఒంటరి తల్లి నడిపే ఇంటికి ఆ దారి ఇంకా ఇరుకు.

ఎవరి ప్రాణానికి ఎంత ధర

బీమా శాస్త్రంలో న్యాయం అంటే సమానమైన ముప్పుకు సమానమైన ప్రీమియం. ముప్పు ఎక్కువైతే ధర ఎక్కువ. వినడానికి ఇది నిష్పక్షపాతంగానే ఉంటుంది. ముప్పును ఏ గుంపులుగా విడగొట్టాలి అన్న చోట మనిషి నిర్ణయం వచ్చి చేరుతుంది. చరిత్రలో ఆ నిర్ణయం చాలాసార్లు బలహీనుల మీదికే మొగ్గింది.

1896లో అమెరికాలో ప్రుడెన్షియల్ బీమా సంస్థ గణాంకవేత్త ఫ్రెడరిక్ హాఫ్‌మన్ నల్లజాతివారి మరణాల రేటు ఎక్కువని చూపి, అది జాతి లక్షణమని వాదించాడు. వాళ్ళకు బీమా ఇవ్వనక్కర లేదన్న కంపెనీల ధోరణికి ఆ పుస్తకం ఊతమైంది. మరుసటి ఏడాదే డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ దాన్ని ఎండగట్టాడు. మురికివాడల్లో, పేదరికంలో బతికేవారి చావులను రక్తానికి అంటగట్టడం శాస్త్రం కాదన్నాడు. నల్లజాతివాడైన డుబాయిస్ కళ్ళకు కనిపించింది ఆ గణాంకవేత్తకు కనిపించలేదు. వృత్తిలో వైవిధ్యం ఎందుకు కావాలో ఈ ఒక్క ఉదంతం చెబుతుంది.

మన దగ్గరా ఇలాంటివి జరిగాయి. జీవిత బీమా సంస్థ మహిళలను చాలాకాలం సొంత సంపాదనను బట్టి తరగతులుగా విభజించింది. సంపాదన లేని గృహిణికి పరిమితులు ఎక్కువ. చేనులో కలుపు తీసి, శనక్కాయలు ఒలిచి, పాడి చూసుకునే ఆడమనిషి ఏ సంపాదన పత్రం చూపించగలదు? ఆ సంస్థలోనే తక్కువ ప్రీమియానికి ఎక్కువ రక్షణ ఇచ్చే ఒక పాలసీ ప్రభుత్వ ఉద్యోగులకు, పేరున్న కంపెనీల జీతగాళ్ళకు మాత్రమే పరిమితమై ఉండేది. అహ్మదాబాద్ వినియోగదారుల సంస్థ ఒకటి దాన్ని కోర్టుకు ఈడ్చింది. 1995లో సుప్రీంకోర్టు ఆ షరతును కొట్టేసింది. అందరికీ అందాల్సిన బీమాను జీతగాళ్ళకే కట్టడి చేయడం రాజ్యాంగ సమానత్వానికి విరుద్ధమని చెప్పిన ఆ ధర్మాసనంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్ళిన న్యాయమూర్తి కె.రామస్వామి ఉన్నారు. ఐరోపాలో 2011లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆడ, మగ తేడాతో ప్రీమియం నిర్ణయించరాదని తీర్పిచ్చింది. 2012 డిసెంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. ఈ రెండు సందర్భాల్లోనూ గీత చెరిపింది బయటివాళ్ళు. వృత్తి లోపల ఆ గొంతు ముందే బలంగా ఉంటే కోర్టు మెట్లు ఎక్కాల్సిన పని తగ్గేది.

అనంతపురం పరీక్ష

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని పేరు. ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగ ఒక్కటే పరుచుకుని ఉండేది. ఊడ దిగే వేళ, కాయ ఊరే వేళ పదిహేను ఇరవై రోజులు బెట్ట వస్తే చాలు, చేను పచ్చగానే కనబడుతుంది, పీకితే కాయ ఉండదు. భారతదేశంలో పంటల బీమాకు ఇంతకంటే కఠినమైన పరీక్ష వేరే లేదు.

దేశంలో పంటల బీమా ఆలోచన పుట్టింది కూడా మన సరిహద్దు అవతలే. మైసూరు సంస్థానంలో అధికారిగా పనిచేసిన జె.ఎస్.చక్రవర్తి వాన లోటును బట్టి రైతులకు పరిహారం ఇచ్చే పథకాన్ని 1920లో పుస్తకంగా రాశారు. ఒక్కొక్క రైతు చేను విడిగా కొలవడం సాధ్యం కాదు కాబట్టి ప్రాంతాన్ని యూనిట్‌గా తీసుకోవాలన్నారు. అరవై ఏళ్ళ తర్వాత వి.ఎం.దండేకర్ సూచనలతో 1979లో జరిగిన ప్రయోగమూ, 1985లో వచ్చిన సమగ్ర పంటల బీమా, 1999 చివర్లో వచ్చిన జాతీయ వ్యవసాయ బీమా పథకమూ ఆ ప్రాంత పద్ధతి మీదే నడిచాయి.

జాతీయ పథకంలో ఖరీఫ్ నూనెగింజలకు రైతు ప్రీమియం నూటికి 3.5 రూపాయలకు మించలేదు. అసలు ముప్పు ప్రకారం అనంతపురం వేరుశనగకు రేటు కడితే దానికి ఎన్నో రెట్లు అవుతుంది. ఆ తేడాను ప్రభుత్వాలు భరించాయి. లెక్కల న్యాయానికీ సమాజ న్యాయానికీ మధ్య ఉన్న అగాధం మీద వేసిన వంతెన అది. అయితే యూనిట్ మండలంగా ఉన్నంతకాలం ఒక ఊరి చేను ఎండిపోయి, పక్క ఊళ్ళో వాన పడితే మండల సగటు బాగుండి ఎండిన ఊరికి ఏమీ వచ్చేది కాదు. యూనిట్ గ్రామానికి దిగాక కొంత మేలు జరిగింది.

వాతావరణ ఆధారిత బీమా దేశంలో మొదట మొలకెత్తింది తెలుగు నేల మీదే. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి వేరుశనగ, ఆముదం రైతులకు వాన లోటు పాలసీ అమ్మాయి. చేను కొలిచే పని లేదు, వానమాపకం చెప్పిందే వేదం. తర్వాత మహబూబ్‌నగర్, అనంతపురం పల్లెల్లో షాన్ కోల్, హావియర్ జీనే, రాబర్ట్ టౌన్‌సెండ్ తదితర ఆర్థికవేత్తలు రైతులు ఆ పాలసీని ఎందుకు కొనడం లేదో పరిశోధించారు. చేతిలో డబ్బు లేకపోవడం ఒక కారణం. నమ్మకం లేకపోవడం ఇంకో కారణం. ఊరికి తెలిసిన సంస్థ మనిషి వచ్చి ఇతను మనవాడే అని పరిచయం చేసిన చోట కొనుగోళ్ళు పెరిగాయి. గణితం ఎంత చక్కగా ఉన్నా దాన్ని మోసుకొచ్చే మనిషి ఎవరన్నది రైతుకు ముఖ్యం. వాన వానమాపకం దగ్గర పడి తన చేలో పడకపోతే ఆ పాలసీ తనకు అక్కరకు రాదని రైతుకు ఏ పరిశోధనా చెప్పనక్కర లేదు.

2016 ఖరీఫ్‌లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన వచ్చింది. రైతు వాటా ఖరీఫ్ ఆహార, నూనెగింజల పంటలకు 2 శాతం, రబీకి ఒకటిన్నర శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. మిగతాది కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. గ్రామం యూనిట్ అయిన పంటకు ఊరికి నాలుగు పంట కోత ప్రయోగాలు చేసి దిగుబడి తేలుస్తారు. ఆ దిగుబడి హామీ దిగుబడికంటే తగ్గితే పరిహారం. హామీ దిగుబడి ఎలా వస్తుంది? తొలి నిబంధనల ప్రకారం గత ఏడేళ్ళలో విపత్తుగా ప్రకటించిన సంవత్సరాలుంటే రెండింటి వరకు వదిలి సగటు తీయాలి. 2018 సవరణ తర్వాత ఏడేళ్ళలో మెరుగైన ఐదేళ్ళ సగటు. దాన్ని హామీ శాతంతో గుణిస్తారు.

ఒక ఊహా ఉదాహరణతో ఈ సూత్రాన్ని నడిపి చూద్దాం. ఒక ఊళ్ళో ఏడేళ్ళ దిగుబడులు హెక్టారుకు 800, 200, 250, 650, 300, 150, 700 కిలోలు అనుకుందాం. మెరుగైన ఐదేళ్ళు తీస్తే సగటు 540. హామీ 80 శాతం అయితే 432 కిలోలు. ఈ ఏడు 400 కిలోలు పండింది. లోటు 32 కిలోలు. హెక్టారుకు 40 వేల బీమా ఉంటే పరిహారం మూడు వేలకు కాస్త తక్కువ. అదే కరువు ఏళ్ళు నాలుగింటినీ పక్కనపెట్టి, వాన పడ్డ మూడేళ్ళనే ఆ నేల సత్తాగా తీసుకుంటే సగటు 717, హామీ 573, పరిహారం సుమారు 12 వేలు. చేను అదే, ఎండ అదే, రైతు చేసిన అప్పు అదే. సూత్రంలో ఒక్క అంకె మారితే చేతికొచ్చేది నాలుగింతలు. ఏడేళ్ళలో ఒకటో రెండో కరువులొచ్చే కోస్తాలో రెండేళ్ళు వదలడం ధర్మంగానే ఉంటుంది. కరువు మీద కరువు వచ్చే మెట్టలో గతంలో పోయిన పంటలే రేపటి హామీని కిందికి లాగుతాయి.

హామీ పెంచితే ప్రీమియం పెరుగుతుంది. అదీ నిజమే. ఆ భారం ఎవరు మోయాలన్నది రాజకీయ నిర్ణయం. 2020లో కేంద్రం తన సబ్సిడీని వర్షాధార ప్రాంతాల్లో 30 శాతం ప్రీమియం రేటు వరకే పరిమితం చేసింది. అంతకు మించి ముప్పున్న నేలకు మిగతా భారమంతా రాష్ట్రం మీద పడుతుంది. ఎక్కడ ముప్పు ఎక్కువో అక్కడే ఆసరాకు గీత గీసినట్టయింది. ఆంధ్రప్రదేశ్ ఈలోగా కేంద్ర పథకం నుంచి బయటికొచ్చి ఉచిత బీమా నడిపింది, 2022లో తిరిగి కేంద్ర పథకంలో చేరింది, 2024 రబీ నుంచి రైతు వాటా కట్టే స్వచ్ఛంద పద్ధతికి వెళ్ళింది. ఈ మార్పుల్లో రైతుకు మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఈ ఏడు నా పేరు జాబితాలో ఉందా?

జాబితాలో లేనివాళ్ళు

ఆ ప్రశ్న అందరికంటే ఎక్కువ బాధించేది కౌలు రైతును. గుత్తకు తీసుకున్నా, కోరుకు చేసినా పొలం కాగితం యజమాని దగ్గరే ఉంటుంది. విత్తనం, ఎరువు, కూలి, అప్పు కౌలుదారువి. పాసు పుస్తకం, పంట రుణం, దానితో పాటు బీమా యజమానివి. 2011లో వచ్చిన సాగుదారుల చట్టం రుణ అర్హత కార్డులు ఇవ్వాలంది. 2019 చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రం తెచ్చింది. పత్రం మీద సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనని యజమాని భయపడతాడు కాబట్టి చాలామంది నోటిమాట మీదే సాగు చేస్తున్నారు. ఈ-పంట నమోదు సాగు చేసేవాడి పేరు రాయడానికి దారి ఇచ్చింది. అది నిజాయితీగా జరిగిన ఊళ్ళో బీమా సరైన ఇంటికి చేరుతుంది.

రెండోవారు ఆడవాళ్ళు. విత్తనం పెట్టడం నుంచి కాయ ఒలిచేదాకా వేరుశనగ పనిలో సింహభాగం వాళ్ళదే. అయినా పట్టా వాళ్ళ పేర ఉండేది తక్కువ. భర్త వలస పోయినా, అప్పుల బాధతో ప్రాణం తీసుకున్నా, సేద్యం ఆమె చేతికి వస్తుంది గానీ కాగితం రాదు. పరిహారాల జాబితాను ఆడ, మగ లెక్కన విడదీసి చూస్తే తప్ప ఈ లోటు ఎంత ఉందో ఏ యాక్చువరీకీ కనిపించదు.

మూడోది పొలంలోని వైవిధ్యమే. మన పెద్దలు వేరుశనగలో కంది, అలసంద, అనుము, జొన్న సాళ్ళు వేసేవారు. ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుందన్నది వాళ్ళ బీమా. ఎకాలజీ సెంటర్ వంటి స్వచ్ఛంద సంస్థలు, ప్రకృతి సేద్యం కార్యకర్తలు నవధాన్యాల సాగును మళ్ళీ తెచ్చారు. పథకం మాత్రం ప్రకటించిన ఒక్కొక్క పంటకు విడివిడిగా నడుస్తుంది. పదిరకాలు కలిపి చల్లిన చేను ఏ వరుసలోకీ రాదు. ముప్పును తగ్గించుకున్న రైతుకు తక్కువ ప్రీమియం ఇవ్వడం బీమా శాస్త్రపు ప్రాథమిక ధర్మం. ఇక్కడ ఆ ధర్మం అమలుకు నోచుకోలేదు.

చేసి చూపించినవి

జాబితాలో లేనివాళ్ళను చేర్చుకోవడం అసాధ్యమని అనుకోవడానికి లేదు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అభయహస్తం పథకం తెచ్చింది. స్వయం సహాయక సంఘం మహిళ రోజుకు ఒక రూపాయి పొదుపు చేస్తే ప్రభుత్వం ఇంకో రూపాయి కలిపి, అరవై దాటాక పింఛను ఇచ్చే ఏర్పాటు. పేద ఆడవాళ్ళ వృద్ధాప్యాన్ని లెక్కలోకి తీసుకున్న పథకం అది. బీమా సేవల్లో బీమా మిత్రలుగా పనిచేసింది సంఘాల నుంచి వచ్చిన మహిళలే. ఇంట్లో చావు జరిగిన రోజే వెళ్ళి ఓదార్చి, కాగితాలు పోగుచేసి, జిల్లా సమాఖ్య కార్యాలయం ద్వారా పరిహారం ఇప్పించేవారు. పల్లె మహిళ బీమా వ్యవస్థ లోపల మనిషి అయితే పని ఎంత త్వరగా, ఎంత ఆప్యాయంగా నడుస్తుందో వాళ్ళు చూపించారు.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మిగతావి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. వెనుకబడ్డ జిల్లాలతోనే మొదలుపెట్టి, పేద కుటుంబం ప్రీమియాన్ని ప్రభుత్వం కట్టింది. ముప్పు ఎక్కువున్నవాళ్ళను ముందు చేర్చుకోవాలన్న సూత్రం అక్కడ అమలైంది. బీమా నియంత్రణ సంస్థ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. వికలాంగులకు, మానసిక రుగ్మతలున్నవారికి, హెచ్‌ఐవీ ఉన్నవారికి ఆరోగ్య పాలసీ ఇచ్చి తీరాలని ఆ సంస్థ 2023లో కంపెనీలను ఆదేశించింది. మార్పు పైనుంచీ రావచ్చు, కిందినుంచీ రావచ్చు. కావాల్సింది మధ్యలో కూర్చుని లెక్క కట్టేవారిలో మార్పు.

అభ్యంతరాలు, జవాబులు

అంకెలకు కులం లేదు, లింగం లేదు, ప్రాంతం లేదు. పరీక్ష పాసైనవాళ్ళే యాక్చువరీలు. ఇందులో సామాజిక న్యాయం ఎందుకు అని కొందరు నిజాయితీగానే అడుగుతారు. కూడికకు కులం లేదన్నది నిజం. ఏది కూడాలో నిర్ణయించేది మాత్రం మనిషి. ఏడేళ్ళు తీసుకోవాలా పదేళ్ళా, మండలమా గ్రామమా, పట్టాదారా సాగుదారా, ఒక పంటా కలిపిన పంటలా అన్నవి గణితం చెప్పే జవాబులు కావు. తన చుట్టూ ఉన్న బతుకును బట్టి మనిషికి తోచే జవాబులు. ప్రమాణం తగ్గించమని ఎవరూ కోరడం లేదు. ఆ ప్రమాణాన్ని అందుకునే శక్తి ఉన్న పిల్లలకు దారి చూపమని కోరుతున్నాం.

అందరికీ సబ్సిడీ ఇస్తూ పోతే బీమా దానమైపోతుందన్నది రెండో అభ్యంతరం. ముప్పును బట్టి ధర చెప్పడం యాక్చువరీ కర్తవ్యం, దాన్ని దాచకూడదు. ఆ ధరలో ఎంత రైతు కట్టాలి, ఎంత సమాజం కట్టాలి అన్నది బహిరంగంగా చర్చించుకోవాలి. అనంతపురం రైతు కొండంత ముప్పును తనంతట తాను తెచ్చుకోలేదు. పశ్చిమ కనుమల వాననీడలో పుట్టడం అతని తప్పు కాదు.

ఏం చేయొచ్చు

పనులు పెద్దవి కావు, పట్టుదల కావాలి. రాయలసీమ డిగ్రీ కళాశాలల్లో గణితం, గణాంకశాస్త్రం చదివే పిల్లలకు యాక్చువరీ వృత్తిని పరిచయం చేసే రోజు ఏటా ఒకటి జరగాలి. కరువు మండలాల పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, దళిత, గిరిజన, కౌలు కుటుంబాల పిల్లలకు, ప్రవేశం నుంచి ఫెలో దాకా రుసుము, పుస్తకాలు, తప్పిన పేపరు మళ్ళీ రాసే ఖర్చు భరించే ఉపకార వేతనం కావాలి. ప్రాథమిక పేపర్ల పాఠాలు తెలుగులో వివరించే పుస్తకాలు రావాలి. పరీక్ష ఇంగ్లీషులో రాసినా అర్థం మాతృభాషలో బలపడుతుంది. వృత్తి సంస్థ తన సభ్యుల లింగ, సామాజిక, ప్రాంతీయ నేపథ్యాన్ని ఏటా ప్రకటించాలి. పంటల బీమా రేటు మీద సంతకం పెట్టే యాక్చువరీ ఆ జిల్లాలో కనీసం ఒక పంట కోత ప్రయోగం దగ్గర నిలబడి చూడాలి. ప్రతి ఊరి హామీ దిగుబడి, అది వచ్చిన ఏడేళ్ళ అంకెలు రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో రాసి ఉండాలి. పరిహారాల వివరాలు ఆడ, మగ, పట్టాదారు, కౌలుదారుగా విడదీసి బయటపెట్టాలి. కలిపి వేసిన పంటల చేనుకు సరిపోయే ఒక పాలసీని ఈ జిల్లాలోనే ప్రయోగించాలి.

ఇవన్నీ జరిగిన ఒక రోజును నేను మనసారా కోరుకుంటున్నాను. ఆ రోజు ఒక కొత్త పథకం నిబంధనలు రాసే సమావేశంలో, ఏడేళ్ళలో రెండు చెడ్డ ఏళ్ళు తీసేసి సగటు కడదాం అని ఎవరో ప్రతిపాదిస్తారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి అది సబబుగానే తోస్తుంది. వాళ్ళ ఊళ్ళలో కరువు అప్పుడప్పుడూ వచ్చే చుట్టం. అనంతపురం మెట్టలో బడికెళ్ళి, వాన రాని ఏడు ఫీజు కట్టలేక ఏడ్చి, అయినా చదివి ఆ బల్ల దాకా వచ్చిన ఒకామె ఉంటే మాత్రం, కాగితం మీంచి తల ఎత్తి అడుగుతుంది: రెండేనా?

ఆ ఒక్క మాటకు హెక్టారుకు తొమ్మిది వేలు తేడా.